మా వదిన హోటల్ పెట్టిన చోటు

ఆ చోటు మంచిది కాదని చెప్పిన ప్రతి మనిషితోనూ నేను వాదన వేసుకున్నాను. ఎదురింటి రిటైర్డు మేష్టారితో, పాలు పోసే ఆవిడతో, మా ఆయనతో. ఆఖరికి ఆ స్థలం సొంతదారుతో కూడా. ఆయన స్థలాన్ని ఆయనే తిట్టుకుంటుంటే నేను వెనకేసుకొచ్చాను. కారణం లేకుండా ఏ వ్యాపారమూ మునగదు, కారణం తెలుసుకోలేనివాళ్ళు నేలను తిడతారు, ఇదీ నా మాట. ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పి చెప్పి నాకీ రోగం పట్టుకుందని మా ఆయన అంటారు. రోగమే అయితే దానికి కాలేజీవాళ్ళు ఇరవై ఏడేళ్ళుగా జీతం ఎందుకిస్తున్నారో ఆయనే చెప్పాలి.

గూడూరు వైపు నుంచి నెల్లూరు వస్తుంటే మనుబోలు దాటాక, ఎడమ చేతి పక్కన, హైవేను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. ముందు బోలెడంత ఖాళీ, నాలుగు లారీలు సుఖంగా ఆగొచ్చు. వచ్చే బండికి అరకిలోమీటరు దూరం నుంచే కనపడుతుంది. బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి, మా వైపు అదేమంత చిన్న సంగతి కాదు. ఇన్ని ఉండి కూడా నేను ఎరిగి అక్కడ నాలుగు హోటళ్ళు మూతపడ్డాయి. మొదట టిఫిను హోటల్. తర్వాత ఎర్ర ఫ్లెక్సీ కట్టిన బిర్యానీ. ఆ తర్వాత సూళ్ళూరుపేట అవతలి నుంచి వచ్చిన తమిళాయన, అరిటాకులో శాకాహార భోజనం. చివర నులకమంచాలు వేసిన దాబా. ఒక్కటీ రెండో వేసవి చూడలేదు.

జనం చెప్పే కారణం వీధిపోటు. వెనక పొలాల్లోంచి ఒక బాట నేరుగా వచ్చి ఆ షెడ్డు వీపుకు తగులుతుందట. గేదెలు ఇంటికొచ్చే బాటను వీధి అనుకోవాలంటే మనిషికి ఎంత భయం ఉండాలి? ఆ భయం ఆ షెడ్డును చేసిన పాడు చూస్తే మాత్రం జాలేసేది. వచ్చిన ప్రతివాడూ వాస్తు చూపించుకున్నాడు. ఒకాయన వెనక కిటికీకి ఇటుకలు పేర్చి మూసేశాడు, గాలి పోయింది. ఇంకొకాయన పొయ్యిని ఆగ్నేయానికి జరిపాడు, పొగ తినేవాళ్ళ మీదికి వచ్చింది. తమిళాయన మధ్యలో ఒక గోడ లేపితే, దాబా ఆయన ఆ గోడకు మూల తలుపు పెట్టాడు. చివరికి అన్నం గిన్నె పట్టుకున్న మనిషి పీతలాగా పక్కకు తిరిగి నడిస్తే తప్ప వంటగదిలోంచి బయటికి రాలేని స్థితి వచ్చింది.

నా కారణాలు నాకుండేవి. టిఫిను ఆయన ఎనిమిదింటికి తీస్తాడు, లారీవాళ్ళు ఆరింటికే తిని పోతారు. బిర్యానీ ఆయన ఫ్లెక్సీ హోటల్ కంటే పెద్దది. చేపలు తినే నెల్లూరి గుమ్మంలో కూర్చుని ఒట్టి కూరగాయలు వడ్డిస్తానన్నవాడికి ఏం చెప్పగలం? దాబాలో మంచాలు ఎండలో వేశారు, ఎండన పడి వచ్చినవాడు మళ్ళీ ఎండలో ఎందుకు కూర్చుంటాడు? మా ఆయన గుండె పరీక్షల కోసం ఆరు నెలలకోసారి చెన్నై పోయి వచ్చేవాళ్ళం. ఆ తిరుగు ప్రయాణాల్లో కారు కిటికీలోంచి చూసి ఇచ్చిన తీర్పులు ఇవన్నీ.

ఇక మా వదిన. మా ఆయనకు అక్క, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పిల్లలు లేరు. ముప్పై నిండకముందే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను కోడలిగా అడుగుపెట్టేసరికి వంటిల్లు ఆమెది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కాలేజీకి పరిగెత్తగలిగానన్నా, సాయంత్రం కాళ్ళు బార్లా చాపుకుని ప్రపంచంలోని తప్పులన్నీ ఏరగలిగానన్నా, పొయ్యి దగ్గర ఆమె ఉండబట్టి. ఈ మాట ఆమెతో నేనెప్పుడూ అనలేదు. మిగతా మాటలన్నీ అన్నాను.

ఆమె వాదించదు. మనం చెప్పేదంతా వింటుంది, గరిటెతో అరచేతిలో ఒక చుక్క వేసుకుని ఉప్పు చూస్తుంది, తన పని తాను చేసుకుపోతుంది. నాలాంటిదానికి అంతకంటే ఒళ్ళు మండించేది ఇంకొకటి ఉండదు.

మూడేళ్ళ కిందట మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం అయిన మర్నాడు చుట్టాలందరూ చేపల పులుసు తిని, ఆమెను పొగిడి పొగిడి వెళ్ళారు. గిన్నెలు సర్దుతూ నేను కూడా అదే మాట అన్నాను, వేళ్ళు కూడా నాకేశారు వదినా అని.

"ఇంట్లోవాళ్ళు బాగుందనక ఏమంటారు అమ్మాయ్? చుట్టాలు బాగలేదంటారా?" అంది ఆమె. కాసేపు గిన్నె తోమి, నా వైపు చూడకుండానే అంది. "ఏ సమ్మందమూ లేనోళ్ళు రోడ్డున పోతా పోతా ఆగాల. కూచోని తిని, ఇంకొంచెం పెట్టమ్మా అని అడగాల. అది ఒకసారి చూడాలనుండాది నాకు."

అప్పటికి ఆమెకు యాభై ఆరు. నేను ఎరిగిన ఇన్నేళ్ళలో ఆమె తనకోసం కోరుకున్నది అదొక్కటే. అది కూడా నన్ను అడగలేదు, గిన్నెకు చెప్పుకుంది.

అడగకపోయినా నేను పట్టుకున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి హోటల్ పెట్టడం అయిపోయింది, చోటు కూడా కుదిరిపోయింది, నా నోట్లో. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి వాళ్ళ అక్కతో అన్నారు, "అక్కా, యాడన్నా పెట్టు గానీ ఆ చోట మాత్రం పెట్టబాక. నాలుగు సంసారాలు మునిగినయ్యాడ."

ఆ రాత్రి భోజనాల దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. నెల్లూరు చేపల పులుసు అంటే ఊరూరా బోర్డులు కడుతున్నారు, సొంత ఊరి గుమ్మంలో హైవే మీద సరిగ్గా వండిపెట్టే దిక్కు లేదు. స్థలం మీద భయంతో ఎవరూ రావడం లేదు కాబట్టి అద్దె తక్కువ. ముందు నలుగురూ చేసిన తప్పులు మనకు తెలుసు. వాళ్ళు కట్టిన గోడలు పడగొడితే సగం దరిద్రం వదులుతుంది. వదిన అంతా విని చివర్లో ఒక్క మాట అంది.

"నీకు తెలిసినంత నాకు తెలవదు. నువ్వు చెప్తే సరే."

భర్త వైపు నుంచి ఆమెకు ఎకరం చెక్క ఒకటి ఉండేది, కౌలుకు ఇచ్చేది. ఆమెదంటూ ఈ భూమ్మీద ఉన్నది అదే. దాన్ని అమ్మేసింది. సంతకం పెట్టి వచ్చిన రోజు కూడా వంకాయ కూర మాడకుండా చేసింది. ఇప్పుడు తలుచుకుంటే, నా వాదనలో ఎక్కడో ఒక చోట ఆమె నన్ను ఆపి ఉంటే బాగుండేదనిపిస్తుంది. కానీ నన్ను ఆపడం ఎవరికి చేతనయింది గనక?

మాఘమాసంలో మొదలుపెట్టాం. గోడలు కొట్టించాను, కిటికీ తెరిపించాను. వెనక పొలాల గాలి హాయిగా లోపలికి వచ్చింది. బోర్డు మీద ఏం రాయాలన్నది కూడా నా తెలివే. హోటల్ తిండి అంటే జనం విసిగిపోయి ఉన్నారు కదా అని, ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలతో 'ఇంటి భోజనం' అని పెద్దగా రాయించాను. మా ఆయన చూసి బాగుందన్నారు. ఆయన నా మాటలకు బాగుందనడం అరుదు కాబట్టి నాకు బాగా గుర్తు.

వదిన పొద్దున ఆరింటి బస్సుకు పోయేది, సాయంత్రం ఆరింటికి వచ్చేది. ఆదివారాలూ సెలవు రోజులూ నేను కూడా. గిన్నెలు కడగడానికి మనుబోలు నుంచి ఒకావిడ వచ్చేది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక బెస్తావిడ రెండు బస్సులు మారి చేపల బుట్ట దించేది. పండుగప్ప, బొమ్మిడాయిలు, దొరికితే వంజరం. ఆవిడ నోరు నా నోటికంటే పెద్దది, అందుకని మేమిద్దరం ఒకరితో ఒకరు మర్యాదగా ఉండేవాళ్ళం.

మొదటి నెల బాగా నడిచింది. మా చుట్టాలు, మా కాలేజీవాళ్ళు, మా ఆయన ఆఫీసువాళ్ళు పనిగట్టుకుని వచ్చి తిన్నారు. నేను మురిసిపోయాను. వాళ్ళు లెక్కలోకి రారని వదిన అప్పుడే చెప్పింది.

రెండో నెలలో చెన్నై కారు ఒకటి ఆగింది. నలుగురు దిగారు, ఉద్యోగస్తుల్లా ఉన్నారు, మాట అటూ ఇటూ కాని తెలుగు. చేపల పులుసు ఉందా అని అడిగారు. వదిన మొహం వెలిగిపోయింది. అందులో ఒకాయన మామూలుగా అడిగాడు, ఫ్రెష్షేనా, ఈ రోజుదేనా అని.

"కాదు నాయనా, నిన్న సాయంత్రం చేసింది," అంది మా వదిన గర్వంగా.

మా వైపు ఏ ఇంట్లో అయినా అంతే. చేపల పులుసు ఈ పూట వండేది రేపటికోసం. రాత్రంతా చట్టిలో ఊరి, ముక్కకు చింతపండూ మామిడికాయ పులుపూ పట్టి, మర్నాటికి గానీ అది పులుసు కాదు. వండిన పూటే వడ్డిస్తే మా ఇళ్ళలో అల్లుళ్ళు అలుగుతారు. ఆ నలుగురూ మొహమొహాలు చూసుకుని పెరుగన్నం చెప్పి, అదీ సగం తిని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బస్సులో ఆమెను వాయించేశాను. ఈ రోజుదే అంటే నీ నోరేం పోతుంది అని.

"ఇయ్యాల్టి పులుసు చింతపండు నీళ్ళ మాదిరి ఉంటది. అది పెట్టి డబ్బులెట్ట తీసుకునేది?" అంది.

"ఇవాల్టిది పెట్టమనలేదు వదినా. నిన్నటిదే పెట్టు, ఇవాల్టిది అని చెప్పు."

"అట్టంటే నిన్నటి పులుసు తిని ఇయ్యాల్టిది ఇంత బాగుండాదనుకుంటారు. ఇంటికిపోయి వాళ్ళు గూడా అప్పటికప్పుడు తింటారు. పాపం గదా."

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. సరే, అబద్ధం చెప్పనంటే నిజాన్నే అమ్ముదామని, తర్వాతి ఆదివారం నేనే హోటల్ ముందు నిలబడ్డాను. వచ్చినవాళ్ళకు నిన్నటి పులుసు ఎందుకు గొప్పదో వివరంగా చెప్పాను. పులుపు, ఉప్పు, నూనె తేలడం, అన్నీ. నా పాఠం మొత్తం విన్న ఒకాయన పెరుగన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. ఇంకొకాయన ఉత్తరాది లారీ డ్రైవరు, నేను చెప్పింది ఒక్క ముక్క అర్థం కాక చేతులతో రొట్టెలు తట్టి చూపించాడు. వదిన పిండి కలిపి చపాతీలు చేసి పెట్టింది. అతను తిని, దణ్ణం పెట్టి పోయాడు. ఇంకొంచెం పెట్టమని మాత్రం అడగలేదు. ఆమె మిగిలిన చపాతీల మీద మూత పెట్టింది.

చైత్రం వచ్చేసరికి నాకు గట్టిగా తెలిసిపోయింది, తప్పంతా ఈ పులుసు తకరారులోనే ఉందని. కానీ పులుసు అడిగేవాళ్ళు వారానికి ఇద్దరో ముగ్గురో. అసలు ఆగేవాళ్ళే లేరు. దీని సంగతి అందరికంటే ముందు బెస్తావిడకు తెలిసింది. తెచ్చిన బుట్టలో వదిన సగం దించుకుని సగం తిప్పి పంపుతోంది. ఒకరోజు ఆవిడ చుట్టకుదురు తలమీద సర్దుకుంటూ అంది, "నీ పుణ్యాన ఈ చేపలకు బస్సెక్కటం అలవాటైపోయింది అక్కా. దిగమన్నా దిగటంలా." వదిన నవ్వింది. ఆవిడ పోయాక చాలాసేపు చేపలు కడుగుతూనే ఉంది, కడిగిన వాటినే మళ్ళీ.

నాకు వేసవి సెలవులు ఇచ్చారు. ఇంక రోజూ అక్కడే. ఆ మే నెల మధ్యాహ్నం నేను బల్ల దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగల్ని తోలుతున్నాను. తెల్ల కారొకటి రోడ్డు దిగి మా ముందు ఖాళీలో, షెడ్డు నీడలో ఆగింది. వదిన అప్పటికే లేచి అరిటాకుల మీద నీళ్ళు చల్లుతోంది. ఒకాయన దిగాడు. నడుం విరుచుకున్నాడు. మా బోర్డు పైనుంచి కిందికి చదివాడు. అతని మొహం మెత్తబడింది. జేబులోంచి ఫోను తీశాడు.

"మనుబోలు దాటినాం. అరగంటలో ఉంటాం. బియ్యం పడెయ్."

వెనక సీట్లో పిల్లవాడికి ఒక నీళ్ళ సీసా కొనుక్కుని వెళ్ళిపోయారు. వదిన అరిటాకులు తుడిచి మళ్ళీ చుట్ట చుట్టింది.

అరగంట పోయాక ఇంకో కారు. ఈసారి ఒకమ్మాయి దిగి, నీడలో అటూ ఇటూ నడుస్తూ ఫోన్లో వాళ్ళ అత్తకు చెప్తోంది, పప్పు చాలు, ఇంకేమీ చెయ్యవద్దు, పచ్చడుంటే చాలని. ఆ తర్వాత తిరుపతి నుంచి గుండ్లు చేయించుకుని వస్తున్న కుటుంబం, జీపు నిండా మనుషులు. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దాయన మా హోటల్ వైపు రెండడుగులు వేశాడు కూడా. లోపలి నుంచి ముసలావిడ అదిలించింది. "ఇంత దూరం వచ్చి ఇప్పుడు బయట తింటారా? ఇల్లొచ్చేసినట్టే."

విసనకర్ర నా చేతిలో ఆగిపోయింది.

నేను కూడా అంతే కదా. ఎన్నేళ్ళ నుంచి? చెన్నైలో పరీక్షలన్నీ అయ్యి, డాక్టరు ఏం ఫరవాలేదన్న మాట మూటగట్టుకుని బయలుదేరితే, దారిలో సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, ఎక్కడ ఆకలేసినా ఆగేవాళ్ళం. మనుబోలు దాటాక మాత్రం ఆగేవాళ్ళం కాదు. నేను ఫోను తీసేదాన్ని. "వదినా, మనుబోలు దాటినాం." అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. గుమ్మంలో చెప్పులు విడిచేసరికి అన్నం ఉడుకు మీద ఉండేది. ఆ నాలుగు హోటళ్ళ మీద అన్ని తీర్పులు ఇచ్చానే, ఒక్కదాంట్లోనైనా ఒక్క ముద్ద తిన్నానా? టిఫిను ఆయన ఎనిమిదింటికి తీస్తాడో ఆరింటికి తీస్తాడో నాకెలా తెలుసు? ఎవరో అన్నారు, నేను పట్టుకున్నాను.

నెల్లూరు నుంచి పోయేవాళ్ళు డివైడరుకు అవతల, అప్పుడే ఇంట్లో తిని బయలుదేరినవాళ్ళు. ఇంకా పైకి పోయేవాళ్ళు ఎలాగూ నెల్లూరు వచ్చేసిందని ఊళ్ళోనే తింటారు. మిగతావాళ్ళకు ఇల్లు అరగంట. ఆ అరగంట మనిషి ఓర్చుకుంటాడు. అదేమంత కష్టం కాదు, ఇంకా చెప్పాలంటే ఆ ఆకలి బాగుంటుంది కూడా. అలాంటివాడి ఎదురుగా నేను 'ఇంటి భోజనం' అని బోర్డు పెట్టాను. చదివిన ప్రతివాడికీ ఇల్లు గుర్తొచ్చింది. ఇంటికే పోయాడు.

వీధిపోటూ కాదు, ఫ్లెక్సీ కాదు, ఎండలో మంచాలూ కాదు. నెల్లూరులో పొయ్యి దగ్గర నిలబడి ఫోనెత్తే ఆడవాళ్ళు ఆ హోటళ్ళను మూయించారు. అందులో మా వదిన ఒకతె. ఇప్పుడు ఆ రోడ్డు పక్కన ఎవరికోసమో ఆకులు కడిగి కూర్చున్నదీ ఆమే.

జీవితంలో మొదటిసారి నా దగ్గర తిరుగులేని కారణం ఉంది, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చెప్తే ఆమె ఎకరం నేల నా మాట వల్ల పోయిందని చెప్పినట్టే. రెండు వారాలు ఊరుకున్నాను. నేను ఊరుకున్నానని మా ఆయన కంగారుపడి బీపీ చూపించుకోమన్నారు.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం, నెల్లూరు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉన్నప్పుడు చెప్పేశాను. ఎదురుగా లారీలు పోతున్నాయి, వాటి చప్పుడులో కలిసిపోతుందేమోనన్న ధైర్యంతో. ఇక్కడ ఎవరు పెట్టినా ఇంతే వదినా, నీ వంటది తప్పు కాదు, ఇల్లు మరీ దగ్గర, నాకు ఆలస్యంగా తెలిసింది, నేనే ముంచాను, అని ఏదేదో అన్నాను.

వదిన చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"నాకు మొదటి నెల్లోనే తెలిసింది," అంది.

"మరి చెప్పలేదే?"

"నువ్వంత పట్టుదలగా పెట్టించినావు గదా. నీ మాట తప్పని నేనెట్ట చెప్పేది?"

నేను ఆమె చేతిలో సంచీ లాక్కుని పట్టుకున్నాను. అది ఖాళీ సంచీ. ఆమె రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది. అంత పొడుగ్గా ఆమె మాట్లాడటం నేను వినలేదు.

"ఫోన్లో మీ మాట ఇన్నేళ్ళూ అటునుంచి వినేదాన్ని. బియ్యం కడుక్కోటానికి పరిగెత్తేదాన్ని. ఫోను చేసేటోళ్ళ మొగాలు ఎట్టుంటాయో ఈడకొచ్చినాకే చూసినా. ఫోను పెట్టేసినాక కూడా కాసేపు నవ్వతానే ఉంటారు. మీరు గూడా అట్టనే నవ్వుంటారు గదా అనుకునేదాన్ని. అందుకే పొద్దుపోయేది. లేకుంటే ఈ ఈగల మధ్య ఎవురు కూచుంటారు?"

బస్సు వచ్చింది. సీట్లు లేవు. ఇద్దరం నిలబడే నెల్లూరు దాకా వచ్చాం. కమ్మీ పట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడిచాను. కండక్టరు టికెట్టు అడగకుండా పక్కకు పోయాడు, తర్వాత మళ్ళీ వచ్చి అడిగాడు.

ఆషాఢంలో మూసేశాం. ఆ షెడ్డును సిమెంటు, ఇనుము అమ్మే ఒకాయన తీసుకున్నాడు. బ్రహ్మాండంగా నడుస్తోంది. సిమెంటు కొనేవాడు ఇంటికి ఫోను చేసి సిమెంటు కలిపి ఉంచమనడు. ఆయన చేతి చలవ వల్ల ఆ చోటు దోషం పోయిందని ఇప్పుడు అందరూ అంటున్నారు. మా ఎదురింటి మేష్టారితో దీని మీద ఒక పూట వాదించాను, ఎక్కువ సేపు కాదు.

ఇక హోటల్ మాట ఎత్తకూడదనుకున్నాం నేనూ మా ఆయనా. ఎత్తింది ఆమే, శ్రావణంలో, ఇడ్లీలు పెడుతూ. ఇల్లు దూరమైనోళ్ళు యాడుంటారు అని అడిగింది. నేను వెంటనే బస్టాండు, రైల్వే స్టేషను, కాలేజీ హాస్టళ్ళు అని మొదలుపెట్టాను, ఏది ఎందుకో వివరిస్తూ. ఆమె వినలేదు. నా మాట మధ్యలో ఆపడం అదే మొదటిసారి.

"మీ అన్నయ్యను పోయేముందు మద్రాసు ఆస్పత్రిలో పెట్టినప్పుడు నేను నెల రోజులు వరండాలో ఉన్నా. ఇంటికి పోను లేదు, వచ్చేటోళ్ళు లేరు. రోజూ బన్నూ టీ. ఆ నెల్లో ఒక ముద్ద పులుసన్నం ఎవరన్నా పెడితే బాగుండని ఎంత అనుకున్నానో. చోటు మన ఊళ్ళో ఆస్పత్రుల కాడుండాది. నేను పోయి చూసొచ్చినా."

ఎప్పుడు పోయి చూసిందో మా ఇద్దరికీ తెలియదు. ఆస్పత్రులన్నీ ఉండే పొగతోట వెనక ఒక సందులో, పాత ఇంటి ముందు వరండా. పైన ఒక రేకు, కింద ఎనిమిది స్టూళ్ళు. వాస్తు చూపించాలంటే ముందు దిక్కు తెలియాలి, ఆ సందులో సూర్యుడే కనపడడు. బోర్డు పెట్టనివ్వలేదు. నేను ఇంటి భోజనం అని నోరు తెరవబోతే ఆమె చూసిన చూపుకు మూసేశాను. చేతిలో మిగిలిన కాస్తతో పెట్టింది. ఇది కూడా పోతే ఇంక ఏమీ లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. మొదటి వారం నన్ను రావద్దంది.

ఎనిమిదో రోజు నేను ఆగలేక, మధ్యాహ్నం క్లాసుకు ముందు ఖాళీ దొరికితే ఆటో ఎక్కి పోయాను. ఒంటిగంట దాటింది. సందు మొదట్లోకే చేపల పులుసు వాసన వచ్చింది. వరండాలో ఎనిమిది స్టూళ్ళూ నిండి ఉన్నాయి, గోడవారన ఇంకో ఐదారుగురు నిలబడ్డారు. చేతుల్లో ఎక్స్‌రే కవర్లు, ప్లాస్కులు, మందుల చీటీలు. ఒకావిడ లేస్తే నేను చటుక్కున ఆ స్టూలు మీద కూర్చున్నాను. వదిన గరిటె పట్టుకుని వచ్చింది.

"లెయ్. ఆయన చిల్లకూరు అవతలి నుంచి వచ్చుండాడు. నువ్వు ఇంటి మనిషివే గదా, ఆగు."

లేచాను. నా ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను అన్నం ముందు నుంచి లేపడం అదే. నా చోట కూర్చున్నాయనకు అరవై ఏళ్ళుంటాయి. పొలం మనిషి, కాళ్ళ పగుళ్ళలో ఇంకా మట్టి. ఆస్పత్రి ఫైలు చంకలోంచి తీసి, కింద పెట్టడానికి మనసొప్పక ఒళ్ళో పెట్టుకున్నాడు. తల ఎత్తకుండా తింటున్నాడు. ఎవరికి బాగాలేదో, ఎన్నాళ్ళయిందో. ఆకులో అన్నం సగం ఉండగానే ఆయన చెయ్యి ఆగింది.

"ఇంకొంచెం పులుసు పొయ్యమ్మా," అన్నాడు.

ఆమె పోసింది. ఒక ముక్క కూడా వేసింది. నేను ఆమె నా వైపు చూస్తుందని ఎదురుచూశాను, ఏదో ఒకటి, కనుబొమ్మ ఎగరేయడమైనా. ఆమెకు తీరిక లేదు. పక్కాయన కూడా ఆకు ముందుకు జరిపాడు. ఆ పక్కావిడ మజ్జిగ అడుగుతోంది. నడుముకు కొంగు బిగించి ఒకరి తర్వాత ఒకరికి వంగుతూ పోతోంది మా వదిన, యాభై ఏడేళ్ళ మనిషి, నేను అక్కడ లేనట్టే.

నిలబడ్డవాళ్ళందరూ తినేసరికి రెండున్నర. అప్పుడు నేను స్టూలు మీద కూర్చుని ఆకు వేసుకున్నాను. ఆమె చట్టి వంచింది, గరిటెతో గీకింది, లోపలికి తొంగి చూసింది.

"అయిపోయింది," అంది.

మా ఇంట్లో ఏ రోజూ ఏదీ అయిపోనిచ్చిన మనిషి కాదు ఆమె. ఎంతమంది వచ్చినా ఇంకో ఇద్దరికి మిగిలేది. ఆ మాట అంటూ ఖాళీ చట్టి నా వైపు వంచి చూపించింది, నమ్మనేమోనని. ఇంటికి రా, సాయంత్రం పెడతాలే అంది. అన్నమూ లేదు, మజ్జిగా లేదు. మూడింటికి నాకు క్లాసు ఉంది. ఆకు మడిచి, చెయ్యి కడుక్కోవాల్సిన పని కూడా లేకుండా లేచి, ఆకలితో ఆటో కోసం సందు చివరికి నడిచాను.